కార్డు చాలకపోతే తగ్గించాల్సింది సైజు కాదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధం టెక్నాలజీ పేజీలో, కెమెరా మెమరీ కార్డు చాలనివాళ్ల కోసం ఓ చిన్న వ్యాసం వేశారు. మెనూలోకి వెళ్లి ఇమేజ్ సైజుని 'ఎస్'కి, అంటే చిన్నదానికి మార్చుకోండి, ఫోన్లో చూసుకోడానికి అది చాలు, అదే కార్డులో నాలుగైదు రెట్లు ఫొటోలు పడతాయి అన్నది అందులో మొదటి సలహా. లెక్క సరిగ్గానే ఉంది. సలహాతోనే నాకు పేచీ. సెలవులూ పెళ్లిళ్లూ కలిసొచ్చే రోజులు కదా, అది చదివి ఎంతమంది ఆ పని చేసేసి ఉంటారో అని కౌంటర్ మీద పని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది. కత్తిరించక తప్పకపోతే మా మామగారి సంగతి కత్తిరించండి, అంకెలు మాత్రం ఉంచండి.

మాది పాలకొల్లులో ఫొటో స్టూడియో. మామగారు పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. మావారు వీడియో, డ్రోను వైపు వెళ్లిపోయారు. ఫొటోలు తియ్యడం, ఆల్బమ్ డిజైన్, పాస్‌పోర్టు ఫొటోలు, పాతవి బాగుచెయ్యడం, ఫ్రేములు, అన్నీ నా దగ్గరే. అంటే ఊళ్లోవాళ్లు తీసుకున్న ఫొటోలు ప్రింటుకొచ్చేసరికి ఏమవుతాయో రోజూ చూసేది నేనే. మీ వ్యాసం రాసినాయన వాటిని ఫోన్లోనే చూసి ఉంటారు.

నేను చెప్పేది ఇది. చోటు తక్కువైతే ముందు కంప్రెషన్ మార్చండి, అంటే 'ఫైన్' నుంచి 'నార్మల్'కి రండి. సైజు 'ఎల్' దగ్గర, అంటే పెద్దదాని దగ్గర ఉన్నదాన్ని అలాగే ఉండనివ్వండి. అది ఆఖర్న ముట్టుకోవాల్సింది.

చాలామందికి ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి. కాదు. సైజు అంటే ఫొటోలో ఎన్ని చుక్కలు (పిక్సెల్స్) ఉంటాయన్నది. క్వాలిటీ అంటే ఆ చుక్కల్ని ఎంత బిగించి సర్దుతుందన్నది. నికాన్ మెనూలో ఇవి విడివిడిగా రెండు లైన్లు. కెనాన్‌లో మాత్రం రెండూ కలిపి ఒకే వరసలో ఇస్తారు. 'ఎల్' అక్షరం పక్కన పావు వృత్తం బొమ్మ నున్నగా ఉంటే ఫైన్, అంచు మెట్లు మెట్లుగా ఉంటే నార్మల్. ఆ మెట్ల బొమ్మ ఏమిటో మా కుర్రాళ్లకే చాలాకాలం తెలీదు. అందుకే అందరూ దాన్ని దాటేసి 'ఎం' దగ్గరికో 'ఎస్' దగ్గరికో పోతారు.

ఊళ్లలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించే కెమెరాల్లో ఒకటి కెనాన్ 1200డి. 2014లో వచ్చింది, 18 మెగాపిక్సెల్. సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతూ ఇంకా తిరుగుతోంది. దాని లెక్కలే చెప్తాను. ఎల్ ఫైన్‌లో ఫొటో 5184×3456 చుక్కలు, సుమారు 6.4 ఎంబీ. ఎల్ నార్మల్‌లో అవే 5184×3456 చుక్కలు, సుమారు 3.2 ఎంబీ. ఎం ఫైన్‌లో 3456×2304 చుక్కలు, సుమారు 3.4 ఎంబీ.

చివరి రెండూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. కార్డులో తినే చోటు ఇంచుమించు సమానం. ఇంకా చెప్పాలంటే ఎం ఫైనే ఓ పిసరు ఎక్కువ తింటుంది. కానీ ఒకదాన్లో కోటీ 79 లక్షల చుక్కలు, రెండోదాన్లో 80 లక్షలు. ఒకే అద్దెకి రెండు గదుల ఇల్లూ నాలుగు గదుల ఇల్లూ దొరుకుతుంటే ఏది తీసుకుంటాం?

"మరి నార్మల్ అంటే నాసిరకం కాదాండీ?" అని మీ పాఠకులు అడగొచ్చు. అందుకే జేపెగ్ లోపల, అంటే కెమెరా ఫొటోని కుదించి దాచే పద్ధతిలో, ఏం జరుగుతుందో కాస్త చెప్పాలి. కెమెరా బొమ్మని ఎనిమిది చుక్కల పొడుగు, ఎనిమిది చుక్కల వెడల్పు ఉన్న గళ్లుగా కోసుకుంటుంది. ఒక్కో గడిలో వెలుగు నెమ్మదిగా మారేది ఎంత, గబగబా మారేది ఎంత అని విడదీసి అంకెలుగా రాసుకుంటుంది. మన కన్ను పట్టుకోలేని గబగబా మార్పుల అంకెల్ని ముతకగా సరిచేస్తుంది, చాలావాటిని సున్నా చేసేస్తుంది. రంగుని కూడా వెలుగంత వివరంగా దాచదు, కంటికి వెలుగులో తేడా తెలిసినంతగా రంగులో తేడా తెలీదు కాబట్టి. ఫైన్‌కీ నార్మల్‌కీ తేడా ఆ సరిచెయ్యడం ఎంత ముతకగా అన్నదాంట్లోనే. ఇలా విడదీసే గణితం 1974లో ముగ్గురు కలిసి ప్రచురించిన పరిశోధన పత్రంలోది: నాసిర్ అహ్మద్, టి.నటరాజన్, కె.ఆర్.రావు. అహ్మద్ గారు పుట్టింది బెంగళూరులో. రావు గారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. దాని మీద కట్టిన జేపెగ్ ప్రమాణం 1992లో వచ్చింది. ఇవాళ మన ఫోన్లలో తిరిగే ఫొటోల్లో చాలా భాగం ఆ లెక్క దాటి వచ్చినవే. టెక్నాలజీ పేజీ నడిపేవారు ఈ ముగ్గురి గురించి ఎప్పుడైనా ఒక వ్యాసం వెయ్యొచ్చు, సరదాగా ఉంటుంది.

నికాన్ వాళ్లయితే తమ మాన్యువల్‌లోనే చెప్పేస్తారు: ఫైన్ అంటే సుమారు నాలుగో వంతుకి కుదింపు, నార్మల్ ఎనిమిదో వంతుకి, బేసిక్ పదహారో వంతుకి. నా అనుభవంలో మొదటి మెట్టు దిగినప్పుడు ఎవరికీ తెలీదు. రెండో మెట్టు దిగితే తెలుస్తుంది. మా కౌంటర్ పక్కన గోడకి రెండు 12×18 అంగుళాల ప్రింట్లు పెట్టాను. ఒకే పట్టుచీర, కాస్త దగ్గరి నుంచి, జరీ అంచు బాగా కనపడేలా. ఒకటి ఎల్ ఫైన్, ఒకటి ఎల్ నార్మల్. ఏది ఏదో చెప్పమని వచ్చినవాళ్లనల్లా అడుగుతుంటాను. ఊహించి చెప్తారు, అంతే. మా ఆల్బమ్ డిజైనర్ కుర్రాడు కూడా కళ్లద్దాలు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని, చివరికి తప్పే చెప్పాడు. మూడోది ఎం ఫైన్‌లో తీసింది, దాన్ని పక్కన పెడితే మాత్రం ఆడవాళ్లు వెంటనే పట్టేస్తారు, "ఇందులో జరీ అలికేసినట్టుంది" అని. బేసిక్‌లో తీసినదైతే జరీ చుట్టూ చిన్న చిన్న మచ్చలు ముసురుకుంటాయి. మన క్షీరారామం గోపురం తీసి చూడండి, బొమ్మల అంచులకీ వెనకాల ఆకాశానికీ మధ్య అదే ముసురు. బేసిక్ జోలికి నేను వెళ్లను, ఎవర్నీ వెళ్లమనను.

చుక్కలు ఎందుకు కావాలంటే ప్రింటు కోసం. అంగుళానికి 300 చుక్కలు ఉంటే ప్రింటు కత్తిలా ఉంటుంది. ఎల్‌లో 5184 చుక్కలు అంటే 17 అంగుళాల పైచిలుకు. ఎంలో 3456 అంటే పదకొండున్నర. ఈ కెమెరాలో 'ఎస్' మూడు రకాలు, వాటిలో ఎస్2లో 1920, అంటే ఆరున్నర అంగుళాలు కూడా రాదు. ఇక అదే కెమెరాలో అన్నిటికన్నా కింద ఎస్3 అని ఒకటుంది. అది 720×480. రెండున్నర అంగుళాలు దాటదు.

పెళ్లిళ్లకి మేం వేసే కరిజ్మా రకం ఆల్బమ్ షీటు విప్పితే 12×36 అంగుళాలు. దాన్ని ఒకే ఫొటోతో నింపాలంటే లెక్కప్రకారం 10,800 చుక్కలు కావాలి, ఎల్ కూడా సగమే ఇస్తుంది. ఆ సగంతో ఎలాగో సరిపెడతాం, ఎవరూ షీటు మీద ముక్కు ఆనించి చూడరు కదా. అంతకంటే తగ్గితే సరిపెట్టలేం. పైగా ఫొటోని ఉన్నదున్నట్టు వాడడం అరుదు. అడ్డంగా తీసినదాన్ని నిలువుగా కొయ్యాలి, మధ్యలో దూరిన పిల్లాడి చెయ్యి తీసెయ్యాలి, వెనకాల షామియానా రాట వదిలెయ్యాలి. కోత పడ్డాక మిగిలే చుక్కలే ప్రింటుకి వస్తాయి.

కోత అంటే గుర్తొచ్చింది. మీ వ్యాసం చదవగానే నాకు మనసులో మెదిలింది ఇదే. మా దగ్గరికి పెద్దకర్మకి ఫొటో కట్టించుకోవడానికి వస్తారు. దండ వెయ్యడానికి 12×18 ఫ్రేము. ఒకాయన వచ్చి, "మేడమ్ గారూ, మా నాన్నగారిదండి, ఎల్లుండికి కావాలి" అన్నారు. ఉన్నవన్నీ వాట్సాప్‌లో వచ్చినవి. మామూలుగా పంపితే వాట్సాప్ చుక్కల్ని బాగా తగ్గించేసి, పైన ఇంకోసారి బిగిస్తుంది. వాటిల్లోనూ ఆ పెద్దాయన పక్కకో వెనక్కో ఉన్నారు. ఒక్కటి మాత్రం బావుంది: ఆయన రిటైర్మెంట్ సభలో, వేదిక మీద వరసగా పన్నెండుమంది, మధ్యలో శాలువా కప్పుకుని ఈయన నవ్వుతూ. అది కెమెరాతో తీసిందేనని, కార్డు బంధువుల ఇంట్లో ఉందని చెప్పి, మర్నాడు భీమవరం వెళ్లి మరీ తెచ్చారు.

కార్డు పెట్టి చూస్తే 720×480. కార్డు చాలదేమోనని ఎవరో ఎస్3కి మార్చేశారట, అలాగే ఉండిపోయింది. 720 చుక్కల్లో పన్నెండుమంది అంటే మనిషికి 60. అందులో ముఖానికి పాతిక కూడా రావు. అదే ఎల్‌లో తీసి ఉంటే మనిషికి 432 చుక్కలు వచ్చేవి, ముఖం నూట యాభై దాటేది. 12×18 కాకపోయినా పోస్టుకార్డు సైజుకి నిలబడేది. కంప్యూటర్లో ఏఐతో పెద్దది చెయ్యమన్నారు. చేసి చూపించాను. చర్మం నున్నగా, కళ్లు మెరుస్తూ, చక్కటి పెద్దమనిషి తయారయ్యారు. చూసి ఆయన కాసేపు ఆగి, "బావున్నాడండి, కానీ ఈయన మా నాన్న కాదు" అన్నారు. నిజమే, అది లేని ముఖాన్ని ఊహించి గీస్తుంది, పోయినదాన్ని తేదు. చివరికి ఎప్పుడో తీయించుకున్న పాస్‌పోర్టు ఫొటో కాపీ ఒకటి బీరువాలో దొరికితే దాన్నే స్కాన్ చేసి కట్టాం.

ఇందులో నాకు బాగా కష్టమనిపించిన సంగతి ఏమిటంటే, ఆ కార్డులో ముప్పావు వంతు ఖాళీగానే ఉంది.

ఇలాంటప్పుడే నార్మల్‌కీ చిన్న సైజుకీ తేడా తెలిసేది. నార్మల్‌లో తీసినది కాస్త ముతకైనా ముఖం ముఖంగా ఉంటుంది. చుక్కలే తగ్గించి తీస్తే లోపల ముఖమే ఉండదు. పెద్దగా తీసినదాన్ని రేపు ఎంత చిన్నదైనా చేసుకోవచ్చు, కంప్యూటర్లో రెండు నొక్కుల పని.

అన్నిటికీ ఎల్ అని కూడా నేను అనను. మా చుట్టుపక్కల రొయ్యల చెరువుల ఫొటోలు అడుగుతుంటారు: గట్టు తెగిందని, ఏరేటర్లు కాలిపోయాయని, బీమాకో బ్యాంకుకో చూపించడానికి. కట్టుబడి నడుస్తున్న ఇంటికి పునాది, లెంటల్, స్లాబు, ఒక్కో దశకీ ఒక్కోటి కావాలంటారు. అమ్మకానికి పెట్టే బండి, పాత ఫ్రిజ్జు. వీటికి ఎస్1 చాలు. 2592×1728, అదీ నాలుగున్నర మెగాపిక్సెల్. ఎవరూ దండ వెయ్యరు వాటికి. కాకపోతే పని అవగానే సెట్టింగు వెనక్కి తిప్పాలి. కెమెరా అలాగే పెట్టేసి, మరుసటి వారం అన్నప్రాశనకి అదే సెట్టింగుతో తీసినవాళ్లు నా దగ్గరికి చాలామందే వచ్చారు.

ఇంక 'రా' ఫైళ్ల సంగతి, అంటే కెమెరా చూసినదాన్ని జేపెగ్‌గా కుదించకుండా ఉన్నదున్నట్టు దాచేవి. మీ వ్యాసంలో దీని ఊసే లేదు, చోటు అసలు పోయేది అక్కడైతే. యూట్యూబులో చూసి కుర్రాళ్లు రా ప్లస్ జేపెగ్, అంటే ఒక్కో ఫొటోకి రెండు ఫైళ్లూ, పెట్టుకుంటున్నారు. 1200డిలో రా సుమారు 24 ఎంబీ, దానికి జేపెగ్ కలిస్తే 30 దాటుతుంది. 16 జీబీ కార్డులో ఎల్ ఫైన్ జేపెగ్‌లు దాదాపు 2,300 పడితే, రా ప్లస్ జేపెగ్ ఐదొందలు కూడా పట్టవు. ఇంటిల్లిపాదీ అన్నవరం వెళ్లొచ్చిన ఫొటోలకి రా ఎందుకు? దాన్ని తెరిచి దిద్దే ఓపిక ఎవరికుంది? చోటు కావాలంటే ముందు తీసెయ్యాల్సింది ఆ 'ప్లస్'ని.

కానీ రా వట్టిదే అని కూడా అనలేను. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు ఉంటాయి, ఈ కెమెరా రా ఫైల్లో 16,384. గులాబీ గుడ్డ షామియానా కింద మిట్టమధ్యాహ్నం ముహూర్తం పడిందనుకోండి, పెళ్లికూతురు ముఖం నుంచి పురోహితుడి పంచె దాకా అంతా గులాబీయే. ఇప్పుడైతే ఆ ఎల్ఈడీ లైట్లు నీలం, ఊదా రంగులు మారుతూ చంపుతున్నాయి. అక్కడ జేపెగ్ తీస్తే రంగు సరిచెయ్యడం నరకం, రా అయితే తర్వాత తీరిగ్గా తిప్పుకోవచ్చు. అందుకని జీలకర్ర బెల్లం నుంచి మంగళసూత్రం అయ్యేదాకా నేను రా పెడతాను. తలంబ్రాలు మొదలవగానే జేపెగ్‌కి వచ్చేస్తాను, ఎందుకంటే 1200డి లాంటి కెమెరాలో రా పెట్టి వరసగా నొక్కితే ఆరేడు ఫొటోలకే బఫర్ (కార్డులోకి ఎక్కేలోపు ఫొటోలు ఆగే చోటు) నిండి కెమెరా 'బిజీ' అంటుంది. సరిగ్గా ఆ క్షణంలోనే పెళ్లికూతురు దోసిలి నిండా తీసుకుని పెళ్లికొడుకు నెత్తిన గుమ్మరిస్తుంది. భోజనాలు, బంతిలో కూర్చున్నవాళ్లు, కట్నకానుకలు చదివించేవాళ్లు, వీటన్నిటికీ ఎల్ నార్మల్. ఒక్కో వరసలో ఒక్కో ఫొటో చాలు, మూడు మూడు నొక్కక్కర్లేదు.

చీకటి మూలల్లో మాత్రం నార్మల్ మీద నాకూ పూర్తి నమ్మకం లేదు. రాత్రి పూట ఫ్లాష్ లేకుండా తీసి, నల్లగా వచ్చిన ముఖాన్ని తర్వాత కంప్యూటర్లో లేపితే, ఆ ఎనిమిది చుక్కల గళ్లు నీడల్లో బయటపడతాయి. అలాంటిచోట ఫైన్ ఉంచుకోవడమే మంచిది. పైగా చీకట్లో వెలుగు చాలక ఐఎస్ఓ అనే సెట్టింగు పెంచితే ఫైలూ పెరుగుతుంది, అప్పుడు ఫొటోలో వచ్చే గింజలన్నీ కెమెరాకి వివరాల్లాగే కనిపిస్తాయి మరి. తెల్లగోడ ముందు తీసిన పాస్‌పోర్టు ఫొటో చిన్న ఫైలవుతుంది, కొబ్బరితోటలో ఆకులన్నీ పడేలా తీసినది పెద్దదవుతుంది. అందుకే కెమెరా తెర మీద "ఇంకా ఇన్ని" అని చూపించే అంకె ఉత్త అంచనా. అది చూసి కంగారుపడి సైజు తగ్గించెయ్యకండి.

వీడియో మాట మావారిని అడిగితే ఇంకో ఉత్తరం అవుతుంది, నేనే రెండు ముక్కల్లో చెప్తాను. ఆ కెమెరాలోనే ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి సుమారు 330 ఎంబీ. అంటే ఒక్క నిమిషం వీడియో, యాభై ఎల్ ఫైన్ ఫొటోలు. అప్పగింతల దగ్గర మావయ్య కెమెరా అందుకుని పది నిమిషాలు వీడియో తీసి, "కార్డు అయిపోయిందే" అంటాడు. ఫొటోల సైజు తగ్గించి మిగిల్చినదంతా అందులో పోతుంది. వీడియోకి ఫోను వాడుకోమనండి.

కార్డుల గురించి కూడా. 16 జీబీ అని రాసిన కార్డు కంప్యూటర్లో 14.9 చూపిస్తే మోసపోయామని మా కౌంటర్ దగ్గర గొడవకి దిగినవాళ్లున్నారు. మోసం కాదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కేస్తుంది. అసలు మోసం వేరే ఉంది. 128 అని అచ్చేసి లోపల ఎనిమిదే ఉండే నకిలీ కార్డులు తక్కువ ధరకి తిరుగుతుంటాయి. అవి ఎనిమిది నిండాక కూడా రాస్తున్నట్టే నటిస్తాయి, కొత్త ఫొటోలు పాతవాటి మీద పడతాయి, లేదా తెరుచుకోవు. కార్డు కొన్న రోజే ఏవో సినిమాలతో నిండా నింపి, అన్నీ వెనక్కి కాపీ చేసుకుని ఆడించి చూడండి. తర్వాత కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యండి. అలాగే 64 ఒక్కటి కొనేకంటే 32లు రెండు కొనుక్కోమంటాను నేను. ఒకటి పాడైనా రెండోదాన్లో సగం పెళ్లైనా మిగులుతుంది. ఎండలో, జనంలో నిలబడి తెర మీద చూసుకుంటూ ఒక్కొక్కటీ డిలీట్ చేస్తూ చోటు చేసుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ మూడంగుళాల తెర మీద ఏది బాగుందో ఏది బాలేదో ఎవరికి తెలుస్తుంది? ముందురోజు రాత్రే పాతవి హార్డ్ డిస్కులోకి ఎక్కించి, ఖాళీ కార్డుతో బయల్దేరితే ఈ తంటా ఉండదు.

మామగారి సంగతి ఇక్కడ చెప్తాను, చోటుంటే వెయ్యండి. ఆయనకి యాషికా కెమెరా ఉండేది, 120 రకం ఫిల్ము, రోలుకి పన్నెండు ఫొటోలు. ఇప్పటి కుర్రాళ్లు పెళ్లికొడుకు కారు దిగేలోపే పన్నెండు నొక్కేస్తారు. ఆయన పొదుపంతా నొక్కకముందే జరిగేది. వెలుగు చూసి, మనుషుల్ని సర్ది, పిల్లల్ని ముందుకి లాగి, అప్పుడు ఒక్కటి. నెగెటివ్ మాత్రం ఆరు సెంటీమీటర్లకి ఆరు సెంటీమీటర్లు, అందులో బేరం లేదు. సైజు తగ్గించి లెక్క పెంచుకునే ఆలోచన అప్పుడూ ఉండేది లెండి. 1959లో ఒలింపస్ పెన్ అని కెమెరా వచ్చింది, 36 ఫొటోల ఫిల్ములో 72 పడేవి, ఒక్కో ఫ్రేము సగం చేసి. అలాంటి నెగెటివ్‌లు మా ఇంట్లో ఓ డబ్బాలో ఉన్నాయి, ఎవరో పెద్దది చెయ్యమని ఇచ్చి మళ్లీ రాలేదు. పోస్టుకార్డు దాటితే గింజలు (గ్రెయిన్) తప్ప ఏమీ కనపడదని ఆయన విసుక్కునేవారు. ఆయన యాషికా నెగెటివ్‌లు మాత్రం ఇవాళ స్కాన్ చేసినా గోడంత ప్రింటు వస్తుంది.

చివరగా మీ పత్రిక మీద ఒక ఫిర్యాదు, కోప్పడకండి. పాఠకుల ఫొటోల శీర్షికకి "ఫొటో 2 ఎంబీ దాటకూడదు" అని వేస్తారు. అది చూసి జనం కెమెరా మెనూలోకి వెళ్లి సైజు తగ్గించి తీస్తున్నారు. తీసింది మీకు పంపి, కెమెరా అలాగే ఉంచేస్తున్నారు. బహుమతి ఏమోగానీ, ఆ తర్వాత ఆర్నెల్ల ఫొటోలు పోతాయి. ఉద్యోగాల దరఖాస్తులదీ ఇదే వరస. బ్యాంకు పరీక్షకి ఫొటో 20 నుంచి 50 కేబీ మధ్య, సంతకం 10 నుంచి 20 కేబీ అంటారు. పిల్లలు పాపం, "మీ కెమెరాలో 50 కేబీ సెట్టింగు పెట్టి తియ్యండి మేడమ్" అని నన్నే అడుగుతారు. అలాంటి సెట్టింగు ఏ కెమెరాలోనూ ఉండదు. పెద్దగానే తీసి, వాళ్లకి కావాల్సిన కాపీ ఒకటి చిన్నది చేసిచ్చి, అసలుది కూడా పెన్‌డ్రైవ్‌లో వేసి పంపుతాను. పదిమందిలో తొమ్మిదిమంది ఆ అసలుదాన్ని అక్కడే వదిలేసి పోతారు, అది వేరే సంగతి.

కాబట్టి నేను అడిగేవి రెండు. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో, కార్డు చాలకపోతే ముందు రా ప్లస్ జేపెగ్ ఆపెయ్యండి, తర్వాత ఫైన్ నుంచి నార్మల్‌కి రండి, సైజు ఎల్ దగ్గరే ఉంచండి అని వెయ్యండి. రెండోది, మీ ఫొటోల శీర్షిక కింద ఆ 2 ఎంబీ లైను పక్కనే, కెమెరాలో సైజు తగ్గించొద్దు, తీసినదాన్ని కాపీ చేసి ఆ కాపీనే తగ్గించి పంపండి అని ఇంకో లైను చేర్చండి. కాపీని ఎలా తగ్గించాలో తెలియనివాళ్లని దగ్గర్లోని స్టూడియోకి వెళ్లమనండి. అది ఐదు నిమిషాల పని, మా దగ్గరైతే డబ్బులు కూడా తీసుకోం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఫొటో స్టూడియో నిర్వాహకురాలు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా.